గర్భసంచి ముఖద్వార పరీక్ష: దాని చరిత్ర, మన ఇళ్ళలోని భయాలు



ప్రతి ఏటా మొహర్రం మాసంలో మన నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున, బారా షహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ గురించి మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. కోరిక తీరినవారు నీళ్ళలో నిలబడి రొట్టె ఇస్తారు. కోరిక ఉన్నవారు కొంగు పట్టి తీసుకుంటారు. ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్య రొట్టె, ఇలా ఎన్నో పేర్లు. కాని ఏ సంవత్సరం చూచినా సంతాన రొట్టె కోసం వచ్చే ఆడవారి ముఖాలే మా మనస్సులో నిలిచిపోతాయి. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అందరూ ఆ నీళ్ళలోనే నిలబడతారు. బిడ్డ కావాలన్న కోరికకు మతం లేదు.

మా చెల్లెలి కూతురు కూడా రెండేళ్ళు వరుసగా ఆ రొట్టె తీసుకున్నది. అల్లూరు వైపు సముద్రపు పల్లెలో అత్తవారిల్లు. వయస్సు ఇరవైతొమ్మిది, పెళ్ళయి ఆరేళ్ళు. పిల్లలు లేరని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చూపించుకుంటే అక్కడ అన్ని పరీక్షలతో బాటు గర్భసంచి ముఖద్వారం నుండి స్మియరు తీసి పంపారు. వారం రోజులకు ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చింది. 'మామూ, దీంట్లో క్యాన్సర్ అని రాసుందా?' అంటూ ఆ కాగితం తెచ్చి మా చేతిలో పెట్టింది. మేము ఉర్దూ మీడియం బడిపంతుళ్ళం. వైద్యం మాకేమి తెలుసు? అయినా ఇంట్లో నాలుగు అక్షరాలు వచ్చినవాడు పంతులే గనుక ప్రతి కాగితం మా దగ్గరికే వస్తుంది.

ఆస్పత్రిలో ఎవరో ఆమెతో అన్న మాట ఇది: 'ఇది ముదిరితే రాచపుండు అవుతుంది. ఎట్టాగూ పిల్లలు కాలేదు గదా, గర్భసంచి తీయించుకుంటే పీడ పోతుంది.' ఈ మాట పల్లెకు చేరేసరికి పదింతలైంది. అత్తవారింట్లో రెండో పెళ్ళి మాట కూడా గుసగుసగా వినిపించింది. ఆ రాత్రి ఆ పిల్ల అన్నం ముట్టలేదు.

మేము ఆ కాగితాన్ని పట్టుకొని, తెలిసిన డాక్టర్లను అడిగి, దొరికిన పుస్తకాలు చదివి, ఈ పరీక్ష ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది, అందులో వచ్చే మాటలకు అర్థమేమిటి అని కొంత తెలుసుకున్నాము. తెలుసుకొన్న కొద్దీ మా భయం తగ్గింది. అందుచేతనే ఇటువంటి విషయం సంఘ సంచికలో వ్రాయుట ఏమిటని పెద్దలు కినుక వహించినా సరే, వ్రాయుటకు సాహసించుచున్నాము.

గోషా ఆస్పత్రి నాటి మాట

ఆడవారి లోపలి జబ్బులను చూచే పద్ధతి ఈనాటిది కాదు. సుమారు వెయ్యేళ్ళ క్రితం స్పెయిన్ దేశంలోని కొర్దోవా దగ్గర నివసించిన అబుల్ ఖాసిం అల్ జహ్రావీ అనే శస్త్రవైద్యుడు 'కితాబ్ అల్ తస్రీఫ్' అనే ముప్పై భాగముల గ్రంథం వ్రాశాడు. కాన్పు సమయంలోను, గర్భాశయ వ్యాధులలోను లోపల చూచుటకు వాడే పనిముట్ల బొమ్మలు అందులో గీసి చూపించాడు. మంత్రసానులకు నేర్పవలసిన సంగతులు కూడా అందులో ఉన్నవి. సిగ్గు వల్ల చికిత్స ఆగిపోకూడదన్న ఆలోచన అంత పాతది.

మన ప్రాంతం సంగతికి వద్దాము. 1953 వరకు నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ మద్రాసులో 1875లో మేరీ షార్లీబ్ అనే ఇంగ్లీషు మహిళ, మరి ముగ్గురు స్త్రీలతో కలిసి వైద్య కళాశాలలో చేరింది. మగ డాక్టరు ముందుకు రాలేక హిందూ ముస్లిం స్త్రీలు ప్రాణాలు పోగొట్టుకొనుట చూచి తాను వైద్యం నేర్చుకొనవలెనని ఆమె నిశ్చయించుకొన్నది. తరువాత లండనులో పై చదువు చదివి తిరిగి వచ్చి, 1885లో మద్రాసులో పరదా పాటించే స్త్రీల కోసం ఆస్పత్రి స్థాపనకు కారకురాలైంది. దానిని జనం గోషా ఆస్పత్రి అని పిలిచేవారు. ఈనాడు తిరువల్లిక్కేణిలో కస్తూరిబా గాంధీ ఆస్పత్రి అనే పేరుతో ఉన్నది అదే.

ఈ సంగతి ఎందుకు చెప్పుచున్నామంటే, 'మా ఆడవాళ్ళు అటువంటి పరీక్షలకు పోరండీ' అని ఈనాటికీ అనేవారు ఉన్నారు. నూటనలభై ఏండ్ల క్రితమే ఆ అడ్డంకికి దారి చూపించారు. ఆడ డాక్టరు చేతనే, ఆడ నర్సు చేతనే చేయించుకోవచ్చును. సిగ్గు ఒక కారణమే గాని సాకు కారాదు.

గినీ పందుల నుండి పుట్టిన పరీక్ష

స్మియరు పరీక్షను లోకం పాప్ పరీక్ష అంటుంది. ఆ పేరు జార్జి పాపనికొలావు అనే గ్రీకు వైద్యునిది. ఆయన 1883లో గ్రీసులోని కీమి అనే ఊరిలో పుట్టాడు. 1913లో భార్య ఆండ్రోమకితో అమెరికా చేరాడు. చేతిలో డబ్బు లేదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. కొన్నాళ్ళు ఆయన దుకాణంలో తివాచీలు అమ్మాడు, ఆమె అదే దుకాణంలో బొత్తాములు కుట్టింది. తరువాత న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాలలో ఉద్యోగం దొరికింది.

ఇక్కడ ఒక విశేషమున్నది. ఆయన క్యాన్సరు కోసం వెదకలేదు. గినీ పందులలో అండం ఎప్పుడు విడుదల అవుతుంది, అంటే గర్భం ధరించుటకు తగిన సమయం ఏది అని కనిపెట్టుటకు వాటి లోపలి ద్రవాన్ని రోజూ తీసి సూక్ష్మదర్శినిలో చూచేవాడు. ఆ ఫలితాలు 1917లో ప్రచురించాడు. తరువాత స్త్రీలలో కూడా అదే చూడాలని తలచాడు. ఎవరు ఒప్పుకుంటారు? భార్య ఆండ్రోమకియే ఒప్పుకున్నది. ఏండ్ల తరబడి తన స్మియరు తానే ఇచ్చింది. వారికి పిల్లలు లేరు. బిడ్డలు కలిగే వేళను వెదకుచుండగా ఆయన కంటికి క్యాన్సరు కణాలు కనబడినవి. ఆ విధంగా, బిడ్డ కలగడం గురించిన శోధనలో నుండే ఈ పరీక్ష పుట్టింది. దీనికి భయపడి బిడ్డ ఆశ వదులుకొనే మన ఆడపిల్లలు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

ఆయన ఆ సంగతిని 1928లో ఒక సభలో చదివితే ఎవరూ పెద్దగా లక్ష్యపెట్టలేదు. అదే కాలంలో రుమేనియాలో ఆరెల్ బాబేష్ అనే వైద్యుడు కూడా అటువంటి పద్ధతినే వేరుగా కనిపెట్టి 1927లో చెప్పాడు. తరువాత పాపనికొలావు, హెర్బర్ట్ ట్రాట్ అనే స్త్రీవైద్య నిపుణునితో కలిసి 1941లో వ్యాసము, 1943లో గ్రంథము ప్రకటించాడు. 1947లో కెనడా వైద్యుడు ఎయిర్ చిన్న చెక్క చెంచా లాంటి పనిముట్టు తయారుచేశాడు. దానితో నిమిషంలో స్మియరు తీయవచ్చును. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1949లోనే ఈ పరీక్షల పథకం మొదలైంది. తరువాత ఫిన్లాండు వంటి దేశాలలో అందరు స్త్రీలనూ పిలిచి పరీక్షించడంతో ఈ క్యాన్సరు చావులు బాగా తగ్గిపోయినవి.

ఈ చరిత్రలో చీకటి కూడా ఉన్నది. ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూపే కాల్పోస్కోపు అనే యంత్రాన్ని 1925లో జర్మనీలో హిన్సెల్‌మన్ అనే వైద్యుడు తయారుచేశాడు. అదే మనిషి నాజీల కాలంలో రోమా జాతి స్త్రీలకు బలవంతంగా పిల్లలు కలగకుండా ఆపరేషన్లు చేసిన నేరానికి యుద్ధం తరువాత శిక్ష పొందాడు. యంత్రం మంచిదే. దానిని పట్టుకొన్న చేయి మంచిది కావలెను. ఆడదాని గర్భసంచి మీద హక్కు ఆమెదే గాని డాక్టరుది కాదు, ప్రభుత్వానిదీ కాదు.

కాగితంలోని మాటలకు అర్థం

మా మేనకోడలి కాగితంలో 'ఎల్.ఎస్.ఐ.ఎల్.' అని నాలుగు అక్షరాలున్నవి. దీని అర్థం స్వల్పస్థాయి మార్పు. 'హెచ్.ఎస్.ఐ.ఎల్.' అంటే హెచ్చుస్థాయి మార్పు. ఈ పేర్లు 1988లో అమెరికాలోని బెథెస్డాలో జరిగిన సమావేశంలో ఏర్పడినవి. ఇవి స్మియరు చూచి చెప్పే మాటలు. అవసరమైతే కాల్పోస్కోపుతో చూచి, అనుమానమున్నచోట చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ఆ ముక్క పరీక్షలో 'సి.ఐ.ఎన్. 1, 2, 3' అని మెట్లు చెపుతారు. ఈ మెట్ల లెక్కను 1967లో రిచర్ట్ అనే అమెరికా వైద్యుడు ఏర్పరచాడు.

వీటిలో ఏదీ క్యాన్సరు కాదు. క్యాన్సరు కావటానికి ముందు ఉండే మార్పులు మాత్రమే. మొదటి మెట్టు చాలామందిలో ఏ మందూ లేకుండానే తగ్గిపోతుంది. రెండవ మెట్టులో సుమారు సగం మందికి రెండేళ్ళలో దానంతటదే తగ్గుతుందని 2018లో అనేక పరిశోధనలను కలిపి చూచినవారు లెక్క తేల్చారు. మూడవ మెట్టును మాత్రం వదలిపెట్టకూడదు.

వదలిపెడితే ఏమౌతుందో లోకానికి తెలిసిన తీరు విచారకరమైనది. న్యూజిలాండులో ఆక్లాండు నగరపు స్త్రీల ఆస్పత్రిలో 1966 నుండి గ్రీన్ అనే డాక్టరు, ఈ మార్పులు క్యాన్సరుగా మారవని తాను నమ్మి, కొందరికి తగిన చికిత్స చేయక చూస్తూ ఊరుకొన్నాడు. వారికి ఆ సంగతి చెప్పలేదు. 1987లో ఇద్దరు మహిళలు పత్రికలో బయటపెట్టిన మీదట విచారణ జరిగింది. తరువాత 2008లో లెక్క చూస్తే, మూడవ మెట్టుకు సరైన చికిత్స జరగనివారిలో ముప్పై ఏళ్ళలో నూటికి 31 మందికి క్యాన్సరు వచ్చింది. సరైన చికిత్స జరిగినవారిలో నూటికి ఒక్కరికి కూడా రాలేదు.

మన దేశంలో కూడా ఇటువంటిది జరిగింది. ఢిల్లీలో ప్రభుత్వ పరిశోధన సంస్థ ఒకటి 1970, 1980 దశకాలలో వెయ్యి మందికి పైగా స్త్రీలలో ఈ మార్పులను చికిత్స చేయక గమనిస్తూ పోయింది. కొందరికి క్యాన్సరు వచ్చింది. వారి నుండి వ్రాతపూర్వకమైన అంగీకారం తీసుకోలేదని 1997లో పత్రికలలో వచ్చినప్పుడు పెద్ద అలజడి జరిగింది.

ఈ రెండు కథల నుండి మనం గ్రహించవలసినది రెండు సంగతులు. ఒకటి, హెచ్చుస్థాయి మార్పు అని వస్తే 'ఏం కాదులే' అని కాగితం ట్రంకుపెట్టెలో దాచకూడదు. రెండు, మూడవ మెట్టయినా క్యాన్సరు కావటానికి సాధారణంగా ఏండ్లు పడుతుంది. అందుచేత ఈ రోజు రాత్రికి రాత్రే గర్భసంచి తీయించుకోవలసిన తొందర లేదు. ఇంకొక డాక్టరును అడిగే వ్యవధి ఉన్నది.

ఎవరిది తప్పు?

ఈ మాట వ్రాయుట కష్టమే గాని వ్రాయక తప్పదు. ఈ మార్పులకు కారణం హెచ్.పి.వి. అనే వైరసు. 1983లో జర్మనీకి చెందిన హరాల్డ్ జూర్ హౌజెన్ బృందం ముఖద్వారపు క్యాన్సరులో ఈ వైరసు యొక్క 16వ రకాన్ని, మరుసటి ఏడు 18వ రకాన్ని కనుగొన్నది. అందుకు ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ 18వ రకమే 'హీలా' కణాలలో కూడా ఉన్నట్లు తేలింది. హీలా అంటే హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లి పేరులోని అక్షరాలు. ఐదుగురు బిడ్డల తల్లియైన ఆమె 1951లో ఈ క్యాన్సరుతోనే మరణించింది. ఆమెను అడగకుండా తీసిన కణాలు ఈనాటికీ ప్రపంచమంతా ప్రయోగశాలలలో పెరుగుచున్నవి.

ఈ వైరసు భార్యాభర్తల కలయిక ద్వారా వస్తుంది అని చెప్పగానే మన ఇళ్ళలో అనుమానపు పొగ లేస్తుంది. భార్యను భర్త, భర్తను భార్య అనుమానిస్తారు. అత్తగారు గొంతెత్తుతుంది. కాని డాక్టర్లు చెప్పేదేమిటి? పెళ్ళయి కాపురం చేసేవారిలో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది తగులుతుంది. జలుబు వచ్చి పోయినట్లు, నూటికి తొంభై మందిలో రెండేళ్ళలోపే పోతుంది. కొందరిలో ఏండ్ల తరబడి నిద్రపోయి ఉండి తరువాత బయటపడవచ్చును. ఎప్పుడు తగిలింది, ఎవరి నుండి వచ్చింది అని ఏ పరీక్షా చెప్పలేదు. అందుచేత ఈ కాగితం ఎవరి నడవడికకూ సాక్ష్యం కాదు. దీన్ని చూపించి ఆడపిల్లను పుట్టింటికి పంపేవారు పాపం మూటగట్టుకొంటున్నారని మా నిశ్చితాభిప్రాయం.

బిడ్డ ఆశ ఉన్నవారి సంగతి

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. స్మియరులో మార్పు ఉన్న స్త్రీ తల్లి కాగలదా?

కాగలదు. ముఖద్వారం చర్మం మీద కణాల మార్పు ఉండటం వల్ల గర్భం రాకుండా పోదు. పిల్లలు కాకపోవటానికి కారణం సాధారణంగా వేరే చోట ఉంటుంది. స్వల్పస్థాయి మార్పు అయితే డాక్టర్లు ఎక్కువగా ఏడాది తరువాత మళ్ళీ పరీక్షకు రమ్మంటారు. ఆ ఏడాదిలో గర్భం వస్తే దాని దారిన అది సాగవచ్చును. గర్భిణీగా ఉన్నప్పుడు కాల్పోస్కోపుతో చూచుట వల్ల హాని లేదు. క్యాన్సరు అనుమానం లేనంత వరకు చికిత్సను కాన్పు అయిన తరువాతకు వాయిదా వేస్తారు.

హెచ్చుస్థాయి మార్పు అయితే చికిత్స చేస్తారు. ఈ చికిత్సలో గర్భసంచిని తీయరు. ఒక పద్ధతిలో చలితో గాని వేడితో గాని ఆ చోటును కాలుస్తారు. మరొక పద్ధతిలో విద్యుత్తు తీగ ఉంగరంతో ఆ చర్మాన్ని పలుచగా గీసి తీస్తారు. దీనిని లీప్ అంటారు. ఇంకా లోతుగా ఉంటే కత్తితో శంఖు ఆకారంలో ముక్క తీస్తారు. వీటి వల్ల గర్భం ధరించే శక్తి తగ్గినట్లు పరిశోధనలలో కనబడలేదు. కాని ఒక సంగతి దాచకూడదు. తీసిన ముక్క లోతైన కొద్దీ తరువాతి గర్భంలో నెలలు నిండకుండా కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుంది. 2016లో అనేక దేశాల లెక్కలు కలిపి చూస్తే, చికిత్స జరగనివారిలో నూటికి సుమారు 5 మందికి, జరిగినవారిలో సుమారు 11 మందికి నెలలు తక్కువ కాన్పులైనవి. అంటే చికిత్స అయినవారిలో కూడా నూటికి 89 మందికి నెలలు నిండే కాన్పు అయింది. కాబట్టి ఆ స్త్రీ డాక్టరుతో 'మాకు పిల్లలు కావాలి' అని ముందుగానే చెప్పవలెను. అప్పుడు ఎంత అవసరమో అంతే తీస్తారు. గర్భం వచ్చాక 'మాకు ఫలానా చికిత్స జరిగింది' అని కాగితం చూపిస్తే ముఖద్వారం పొడవును స్కానింగులో కొలుస్తూ ఉంటారు.

ముఖద్వారం బలహీనపడి ముందే తెరుచుకుంటే ఏమి చేయాలి? దీనికి ప్రపంచానికి దారి చూపినది మన దేశస్థుడే. బొంబాయి వైద్యుడు విఠల్ నాగేశ్ శిరోద్కర్ 1955లో ముఖద్వారం చుట్టూ కుట్టు వేసి గర్భాన్ని నిలిపే పద్ధతిని ప్రకటించాడు. సంచి మూతికి తాడు బిగించినట్లు. ఈనాటికీ దేశదేశాల డాక్టర్లు దానిని శిరోద్కర్ కుట్టు అనే పిలుస్తారు. అందరికీ అది అవసరం లేదు. అవసరమైనవారికి అది వరము.

ఒకవేళ క్యాన్సరే ఆరంభ దశలో ఉన్నా సరే, ఆశ పూర్తిగా పోలేదు. ఫ్రాన్సులోని లియోన్ నగరంలో డార్జాన్ అనే వైద్యుడు 1987లో ముఖద్వారం మాత్రం తీసి గర్భసంచిని ఉంచే శస్త్రచికిత్స మొదలుపెట్టాడు. తగిన దశలో ఉన్న కొందరు స్త్రీలు ఆ తరువాత తల్లులైనారు.

మన రాష్ట్రంలో జరిగినవి

మన తెలుగుదేశం కూడా ఈ చరిత్రలో ఉన్నది. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి, తన చెల్లెలు క్యాన్సరుతో మరణించిన దుఃఖంలో నుండి, మద్రాసు అడయారులో క్యాన్సరు ఆస్పత్రి ప్రారంభించింది. మన నెల్లూరు జిల్లా రోగులు ఆనాటి నుండి రైలెక్కి అక్కడికే పోతున్నారు. మరుసటి సంవత్సరం, 1955లో, హైదరాబాదులో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ చొరవతో క్యాన్సరు ఆస్పత్రి వెలసింది. ఆయన తరువాత గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరు అయినాడు. ఎం.ఎన్.జె. ఆస్పత్రి అంటే ఆయన పేరే.

హైదరాబాదు దగ్గర మేడ్చల్ ప్రాంతంలో 2005 తరువాత రెండు వేలమందికి పైగా స్త్రీలకు స్మియరు, వెనిగరు పూత, వైరసు డి.ఎన్.ఎ. పరీక్ష మూడూ చేసి పోల్చి చూశారు. వెనిగరు పూత అంటే పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి, నిమిషం ఆగి, తెల్లగా మారే చోటును కంటితో చూచుట. ఖర్చు తక్కువ, నర్సు కూడా చేయగలదు. కాని మేడ్చల్‌లో వైరసు పరీక్ష పట్టుకొన్న మార్పులు చాలా వరకు పూతకు చిక్కలేదు. అయితే తమిళనాడు దిండిగల్ జిల్లాలో నర్సులు పల్లె పల్లెకూ పోయి ఒక్కసారి ఈ పూత పరీక్ష చేస్తే, ఈ క్యాన్సరు చావులు నూటికి 35 వంతులు తగ్గినట్లు 2007లో తేలింది. నర్సులకిచ్చిన శిక్షణ, దొరికినవారికి వెంటనే చేసిన చికిత్స అక్కడ ఫలించినవి.

మరొక సంగతి ఖమ్మం జిల్లాది. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో సుమారు పద్నాలుగు వేల మంది బాలికలకు ఈ వైరసు టీకా ప్రయోగాత్మకంగా వేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో ఆపివేశారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. కాని తల్లిదండ్రుల అంగీకారం సరిగా తీసుకోలేదని, హాస్టలు వార్డెన్లు సంతకాలు చేశారని బయటపడింది. 2013లో పార్లమెంటు సంఘం కూడా తప్పుపట్టింది. టీకా మంచిదే. 2022లో మన దేశంలోనే పుణెలో తయారైన టీకాకు అనుమతి వచ్చింది. కాని అడగకుండా చేసిన మంచి కూడా జనంలో అపనమ్మకం నాటుతుందని ఖమ్మం మనకు నేర్పింది.

అన్నింటికన్నా మన తలుపు తట్టే సంగతి గర్భసంచి ఆపరేషన్లది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసివేయబడింది. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు తొమ్మిది మందికి. అదే సర్వేలో 30 నుండి 49 ఏండ్ల స్త్రీలలో ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకొన్నవారు దేశం మొత్తంలో నూటికి ఇద్దరు కూడా లేరు. అంటే పరీక్షకు పోనివారము ఆపరేషనుకు పోతున్నాము! తెల్లబట్ట అవుతున్నదని, నడుము నొప్పి అని, 'పుండు ఉంది, క్యాన్సరు వస్తుంది' అని భయపెట్టి తీసిన గర్భసంచులు ఎన్నో. అనవసరపు ఆపరేషన్లపై వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెప్పి, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలలలో అమలు చేయవలెనని రాష్ట్రాలను ఆదేశించింది.

ఇంకొక వైపు, పరీక్ష లేక ప్రాణాలు పోగొట్టుకొనేవారూ తక్కువ కాదు. 2022 అంచనా ప్రకారం దేశంలో ఒక్క ఏడాదిలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ క్యాన్సరు వచ్చింది, దాదాపు 80,000 మంది మరణించారు. భయపడి గర్భసంచి తీయించుకొనుట ఒక తప్పు. భయపడి పరీక్షకే పోకపోవుట అంతకన్న పెద్ద తప్పు.

ముగింపు

మా మేనకోడలిని తీసుకొని మేము, మా చెల్లెలు, ఆమె భర్త నలుగురమూ గూడూరు, సూళ్ళూరుపేట మీదుగా రైలులో మద్రాసు పోయినాము. అక్కడ ఆడ డాక్టరే చూచింది. కాల్పోస్కోపుతో చూచి, గోరంత ముక్క తీసి పరీక్షించి, మొదటి మెట్టు అని చెప్పింది. 'చికిత్స అక్కరలేదమ్మా, ఏడాది తరువాత రా. ఈలోగా గర్భం వస్తే సంతోషం' అన్నది. తరువాత అల్లుడి వైపు తిరిగి, 'నీ పరీక్ష ఏదయ్యా?' అని అడిగింది. ఆరేళ్ళలో ఆ మాట అడిగినవారు అంతవరకు ఎవరూ లేరు. అతడు తల వంచుకొన్నాడు. పరీక్ష చేయించుకొన్నాడు. కొంత లోపం అతనిలోనే ఉన్నదని తెలిసింది. మందులు వాడుతున్నాడు. తిరుగు రైలులో అతడే ఆమెకు టీ తెచ్చి ఇచ్చాడు. రెండో పెళ్ళి మాట ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

ఏడాది తరువాత స్మియరు మామూలుగా వచ్చింది. పిల్లలు కలిగారా అని పాఠకులు అడుగుతారు. ఇంకా లేదు. ఈ ఏడు కూడా ఆమె స్వర్ణాల చెరువులో రొట్టె తీసుకున్నది. కాని ఈసారి భర్త పక్కనే నిలబడ్డాడు. రొట్టె తీసుకొనుటకు కావలసిన గర్భసంచి ఆమెకు మిగిలి ఉన్నది, ఆశ మిగిలి ఉన్నది. మాకు అదే చాలు.

కడపటిగా సంఘ సభ్యులకు మా మనవి. 2016లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుండి 65 ఏండ్ల స్త్రీలకు ఐదేళ్ళకొకసారి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఈ పరీక్ష చేయవలసి ఉన్నది. మన ఆడవారిని వెంటబెట్టుకొని తీసుకుపోండి. కాగితంలో ఏదైనా మార్పు అని వస్తే దాన్ని దాచవద్దు, దాని మీద తీర్పు చెప్పవద్దు. అది ఎన్నవ మెట్టో అడగండి. గర్భసంచి తీయాలంటే రెండవ డాక్టరును అడగనిదే సంతకం పెట్టవద్దు. పిల్లలు కాకపోతే భార్యతో బాటు భర్త కూడా పరీక్షకు నిలబడవలెను. మన సంఘం బీద ఇళ్ళ పిల్లలకు పుస్తకాలు ఇచ్చినట్లే, బీద ఇంటి ఆడపడుచుకు మద్రాసుకో తిరుపతికో రైలు ఛార్జీ, తోడుగా ఒక మనిషి సమకూర్చగలిగితే, అంతకన్న పుణ్యకార్యం వేరొకటి ఉండదని వినయపూర్వకముగా మనవి చేసుకొనుచున్నాము.